క్యాంపస్ గొడవలు, అణుబాంబు భయాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే వచ్చాయి. కొన్ని అమెరికా యూనివర్సిటీల గొడవల మీద, కొన్ని ఇరాన్, ఉత్తర కొరియాల అణుబాంబుల మీద. రెండు రకాల ఉత్తరాల్లోనూ అడిగింది దాదాపు ఒకటే: అమెరికా కన్సర్వేటివ్‌లు, అంటే అక్కడి సంప్రదాయవాదులు, అసలేమంటున్నారు, అందులో నిలబడే సరుకెంత? ఉత్తరాలను కాస్త కుదించాం. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

మా డిపార్ట్‌మెంట్‌లో చర్చాపోటీ పెట్టారు. ‘అమెరికా యూనివర్సిటీల్లో కన్సర్వేటివ్‌లను మాట్లాడనివ్వడం లేదు’ అనే అంశానికి నేను అనుకూలంగా మాట్లాడాలి. ఫోన్లో వెతికితే ఇటువైపు తిట్లు, అటువైపు తిట్లు. అసలు వాదన ఏంటి సార్? – ఎం.ఏ. విద్యార్థి, తిరుపతి

మూడు వేర్వేరు వాదనలు కలిసిపోయి ఒకటిగా వినబడుతున్నాయి. వాటిని విడదీసుకుంటే మీ పని సగం అయినట్టే.

మొదటిది, పిలిచిన వక్తను సభలో అరిచి ఆపేయడం. 2017 మార్చిలో వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీకి కన్సర్వేటివ్ రచయిత చార్లెస్ మర్రే వెళ్తే హాల్లో ఆయన్ను నోరెత్తనివ్వలేదు. బయటికి వస్తుంటే జరిగిన తోపులాటలో దెబ్బ తగిలింది ఆయనకు కాదు, ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్న ప్రొఫెసర్ అలిసన్ స్టాంజర్‌కు. ఆవిడ ఆయన అభిప్రాయాలతో ఏకీభవించే మనిషి కూడా కాదు. 2023 మార్చిలో స్టాన్‌ఫర్డ్ లా స్కూల్లో ఫెడరల్ జడ్జి కైల్ డంకన్ ప్రసంగానికీ విద్యార్థుల కేకలే అడ్డుపడ్డాయి. 2025 సెప్టెంబర్ 10న యూటా వ్యాలీ యూనివర్సిటీలో విద్యార్థుల ప్రశ్నలకు జవాబు చెబుతుండగానే కన్సర్వేటివ్ యువనేత చార్లీ కిర్క్‌ను కాల్చి చంపారు. ఆ రోజు నుంచి ఈ వాదన వెనక కోపంతో పాటు దుఃఖం కూడా చేరింది. దాన్ని తేలిక చేసి మాట్లాడొద్దు. వాదన సారం ఇది: గొంతు పెద్దదైన వాడి చేతిలో సభను రద్దు చేసే అధికారం పెట్టకూడదు. నిరసన తెలపొచ్చు, బయట ప్లకార్డు పట్టుకోవచ్చు, సభ వదిలి లేచిపోవచ్చు. మిగతా వాళ్లు వినకుండా మాత్రం చేయకూడదు. మా దృష్టిలో మూడింటిలో గట్టి వాదన ఇదే.

రెండోది, యూనివర్సిటీ తానే ఒక పక్షం తీసుకోవడం. షికాగో యూనివర్సిటీ 1967లోనే కాల్వెన్ కమిటీ నివేదికలో దీనికో గీత గీసింది. విమర్శించేది ప్రొఫెసర్లు, విద్యార్థులు. సంస్థ వాళ్లకు చోటిస్తుంది, తాను విమర్శకురాలు కాదు. ప్రతి రాజకీయ సంఘటనకూ అధ్యక్షుడి పేరుతో ప్రకటన వదిలితే, అందుకు భిన్నంగా ఆలోచించే జూనియర్ లెక్చరర్ నోరు తెరవడానికి జంకుతాడు. 2024 మేలో హార్వర్డ్ కూడా ఇలాంటి ప్రకటనలు ఇకపై ఇవ్వబోమని చెప్పింది. ఈ సంగతి ఎదుటి పక్షానికి గుర్తు చేయండి.

మూడోది, ప్రవేశాలు, నియామకాలు. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరొలైనా యూనివర్సిటీల కేసుల్లో జాతిని చూసి సీట్లివ్వడం చెల్లదంది. ఆసియా మూలాలున్న విద్యార్థులకు అన్యాయం జరుగుతోందన్నది ఆ కేసుకు ఆధారం, కాబట్టి మనవాళ్లకీ అందులో భాగముంది. ఆ ఏడాదే ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాలు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ‘డీఈఐ’ విభాగాలను, అంటే వైవిధ్యం, సమానత పేరుతో నడిచే కార్యాలయాలను, వాటి ఖర్చును కట్టడి చేస్తూ చట్టాలు తెచ్చాయి.

పోటీల్లో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. అమెరికా రాజ్యాంగంలోని మొదటి సవరణ భావ స్వేచ్ఛ విషయంలో ప్రభుత్వం చేతులు కట్టేస్తుంది. కాబట్టి అది బర్క్‌లీ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీకి నేరుగా వర్తిస్తుంది. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ ప్రైవేటువి. అక్కడ చూడాల్సింది అవి విద్యార్థులకు రాసిచ్చిన నియమావళి. ‘స్టాన్‌ఫర్డ్ మొదటి సవరణను ఉల్లంఘించింది’ అని అన్నారంటే ఎదుటివాడు అక్కడే పట్టుకుంటాడు. అందులోనూ ఓ మెలిక ఉంది: కాలిఫోర్నియాలో ప్రైవేటు కాలేజీల విద్యార్థులకూ భావ స్వేచ్ఛ రక్షణనిచ్చే రాష్ట్ర చట్టం వేరే ఉంది.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. మాట్లాడే చోటు మీద ఆంక్ష వేరు, చెప్పే అభిప్రాయం మీద ఆంక్ష వేరు. తిరుమల కొండ మీద రాజకీయ ప్రసంగాలు వద్దని 2024 నవంబర్‌లో టీటీడీ పాలకమండలి తీర్మానించింది. అది ఏ పార్టీకైనా ఒకటే, కొండ దిగి అలిపిరి దాటాక ఏమైనా మాట్లాడుకోవచ్చు. లైబ్రరీలో మైకు వద్దనడం అలాంటిదే. ఫలానా పార్టీ వాళ్లకు మాత్రం హాలు ఇవ్వమంటే అది రెండో రకం, అమెరికా కోర్టులు కొట్టేసేది దాన్నే.

ఇక మీ పక్షంలోని బలహీనత. ఎదుటివాళ్లు ఎలాగూ ఎత్తుతారు, మీకు ముందే తెలిసుండాలి. ఫ్లోరిడా 2022లో తరగతి గదిలో కొన్ని భావాలను సమర్థిస్తూ చెప్పకూడదని చట్టం చేసింది. యూనివర్సిటీలకు సంబంధించినంత వరకు దాన్ని ఫెడరల్ జడ్జి అదే ఏడాది నవంబర్‌లో నిలిపేశారు. కోర్టుకు వెళ్లినవాళ్లలో ‘ఫైర్’ అనే సంస్థ ఉంది. క్యాంపస్‌లో కన్సర్వేటివ్ విద్యార్థుల తరఫున ఎన్నో కేసులు నడిపిన సంస్థే అది! 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం హార్వర్డ్‌కు రావాల్సిన 220 కోట్ల డాలర్ల పరిశోధన నిధులు ఆపేస్తే, అది చట్టవిరుద్ధమని సెప్టెంబర్ 3న ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు. అరిచి ఆపే గుంపును తప్పుపట్టి, నిధులు బిగించి ఆపే ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తే వాదన కూలిపోతుంది. అమెరికా కన్సర్వేటివ్‌లలోనే ఈ మాట గట్టిగా అనేవాళ్లున్నారు. మీరు వాళ్ల వైపు నిలబడి మాట్లాడితే మిమ్మల్ని కదిలించడం కష్టం.

మా అమ్మాయికి అమెరికాలో ఎం.ఎస్. సీటొచ్చింది. అక్కడ ధర్నాలు, వీసా రద్దులు అని టీవీలో చూస్తుంటే నిద్ర పట్టడం లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టా అన్నీ తీసేయమని ఇక్కడ కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. తీసేయాలా? – ఒక తండ్రి, పలమనేరు

తీసేయొద్దు. ఆ సలహా నష్టమే చేస్తుంది.

2025 జూన్ నుంచి విద్యార్థులకూ, ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల మీద వెళ్లేవాళ్లకూ ఇచ్చే ఎఫ్, ఎం, జే వీసాలకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలను ‘పబ్లిక్’లో పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది. వీసా దరఖాస్తు ఫారమైన డీఎస్-160లో గత 5 ఏళ్లలో వాడిన ఖాతాల పేర్లన్నీ రాయాలి. కాలేజీ రోజుల్లో తెరిచి వదిలేసిన పాత ఖాతా కూడా అందులోకే వస్తుంది. వాడిన ఖాతాను రాయకుండా వదిలేస్తే అది దాచినట్టు లెక్క. ఖాతాలో ఉన్న పోస్టుకన్నా ఆ దాపరికమే పెద్ద చిక్కు. కాబట్టి అమ్మాయితో కూర్చుని పాత ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు అన్నిటితో లాగిన్ ప్రయత్నించి, దొరికిన ప్రతి ఖాతా యూజర్‌నేమ్ అక్షరం పొల్లుపోకుండా ఒక కాగితం మీద రాసుకోండి. ఫారం ఆ కాగితం చూసి నింపండి. ఏజెంటు చేత నింపించినా, సమర్పించే ముందు ప్రతి పేజీ అమ్మాయే చదవాలి, ఎందుకంటే సంతకం ఆమెదే.

వరస ఇది: యూనివర్సిటీ నుంచి ఐ-20, అంటే సీటు, ఖర్చు వివరాలుండే పత్రం, రావాలి. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గరే మనవాళ్లవి తప్పులు పోతాయి. తర్వాత విదేశీ విద్యార్థుల రికార్డులుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ ‘సెవిస్’కు ఫీజు కట్టాలి, 2025లో అది 350 డాలర్లు. ఆ రసీదు దాచండి. డీఎస్-160 నింపి, వీసా ఫీజు (2025లో 185 డాలర్లు) కట్టి, వేలిముద్రలకు ఒకటి, ఇంటర్వ్యూకి ఒకటి తేదీలు తీసుకోవాలి. డబ్బు కాగితాలు మొదటి ఏడాది ఖర్చుకు సరిపోవాలి. ఐ-20లో రాసిన మొత్తంతో అవి పొంతన కుదరాలి.

చదవబోయేది న్యూక్లియర్ ఇంజినీరింగ్, ఏరోస్పేస్, కొన్ని రకాల రోబోటిక్స్ అయితే ఇంటర్వ్యూలో 221(జి) చీటీ చేతికి రావొచ్చు. అది తుది తిరస్కారం అనుకుని బెంగపడకండి. అణు, క్షిపణి పరిజ్ఞానం బయటికి పోకుండా చేసే అదనపు పరిశీలన అది. రెజ్యూమే, పరిశోధన వివరం ఒక పేజీ, ప్రచురించిన పేపర్ల జాబితా, అక్కడి గైడ్ వివరాలు ముందే సిద్ధం చేసి పెట్టుకుంటే వారాలు కలిసొస్తాయి.

అక్కడికి వెళ్లాక సంగతి. విదేశీయులకూ భావ స్వేచ్ఛ రక్షణ ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. అయినా 2025లో వలస చట్టంలో విదేశాంగ మంత్రికి ఉన్న ఒక అధికారాన్ని వాడి, పాలస్తీనా ఆందోళనల్లో ఉన్న విదేశీ విద్యార్థులను పంపేయడానికి ప్రయత్నించారు. అతిథిగా వచ్చినవాడికి అంత హక్కు లేదన్నది కన్సర్వేటివ్‌లలో ఒక వర్గం మాట. మాట కోసం మనిషిని పంపేయడం మొదలైతే రేపు ఎవరికైనా తప్పదన్నది ఇంకో వర్గం మాట. కోర్టులో చివరికి గెలిచినా మధ్యలో పోయే సెమిస్టర్ మీ అమ్మాయిదే. సభకు వెళ్లి వినడం, క్లాసులో ప్రశ్నించడం వేరు, భవనం ఆక్రమించే చోట ఉండటం వేరు. రెండో చోట నిలబడొద్దని చెప్పండి. చాలామందికి ముప్పు వచ్చేది రాజకీయాల వల్ల కాదు, తాగి కారు నడపడం లాంటి కేసుల వల్ల. 2025 ఏప్రిల్‌లో చిన్న పోలీసు రికార్డున్న వేలమంది సెవిస్ రికార్డులు రద్దయి, కోర్టులు కలగజేసుకున్నాక తిరిగి వచ్చాయి. పూర్తి కోర్సు భారం తగ్గకూడదు, సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. ఏ చిక్కొచ్చినా మొదట వెళ్లాల్సింది యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు, వాట్సాప్ గ్రూపుకు కాదు.

ఇరాన్ యురేనియం 60 శాతం శుద్ధి చేసిందంటారు. బాంబుకు 90 కావాలంటారు. ఇంకా 30 శాతం దూరముంది కదా, అంత గాభరా ఎందుకు? ఒప్పందం మేలా, బాంబులేయడం మేలా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

లెక్కల మాస్టారిలా అడిగారు, లెక్కతోనే చెబుతాం.

గనిలో దొరికే యురేనియంలో 1000 పరమాణువులు తీసుకుంటే 7 మాత్రమే బాంబుకూ రియాక్టరుకూ పనికొచ్చే యు-235 రకం, మిగిలినవి యు-238. సెంట్రిఫ్యూజులు, అంటే గిర్రున తిప్పి వేరుచేసే యంత్రాలు, చేసే పని ఆ 7ను ఉంచి మిగతావాటిని వదిలించుకోవడం. 825 వదిలిస్తే 175 మిగులుతాయి, అందులో 7 అంటే 4 శాతం. కరెంటు తయారుచేసే రియాక్టరుకు దాదాపు ఇంతే చాలు. ఇంకో 140 వదిలిస్తే 35లో 7, అంటే 20 శాతం. ఇంకో 23 తీస్తే 12లో 7, సుమారు 60 శాతం. అక్కడి నుంచి 4 తీస్తే చాలు, 8లో 7, అంటే 90కి దగ్గర. నిజమైన ప్లాంటులో కొంత యు-235 వ్యర్థంలోకి పోతుంది కాబట్టి లెక్క ఇంత నున్నగా ఉండదు. కానీ పాఠం ఇదే: 1000లో తీసేయాల్సిన 992లో 988 తీసేసిన చోటు పేరు 60 శాతం. కష్టమంతా మొదట్లోనే ఉంటుంది, చివర్లో కాదు.

బరువు కూడా చూడాలి. 60 శాతం సరుకు సుమారు 42 కిలోలుంటే, దాన్ని ఇంకా శుద్ధి చేసుకుని ఒక బాంబుకు సరిపెట్టవచ్చని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొలమానం. 2025 జూన్ మధ్యలో ఇరాన్ దగ్గర ఆ సరుకు 440.9 కిలోలు ఉందని ఆ సంస్థ అంచనా. అంటే 10 బాంబుల సరుకు. సరుకు ఉన్నంత మాత్రాన బాంబు ఉన్నట్టు కాదు. వాయురూపంలో ఉండే ఆ సరుకును లోహంగా మార్చాలి, పేల్చే ఏర్పాటు చేయాలి, క్షిపణి తలలో పట్టేలా కుదించాలి. గాభరా పెట్టేవాళ్లు ఈ మెట్లు చెప్పరు, గాభరా వద్దనేవాళ్లు పై లెక్క చెప్పరు.

అమెరికా తదితర దేశాలతో 2015లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇరాన్ 3.67 శాతం దాటకూడదు, 300 కిలోలకు మించి దగ్గర ఉంచుకోకూడదు. కన్సర్వేటివ్‌ల అభ్యంతరాలు ముఖ్యంగా మూడు. సెంట్రిఫ్యూజుల మీద ఆంక్షలు 10 ఏళ్లకు, శుద్ధి మీద ఆంక్షలు 15 ఏళ్లకు తీరిపోతాయి. క్షిపణుల ఊసే లేదు. అనుమానమున్న చోటు చూడటానికి వివాదం వస్తే 24 రోజుల దాకా సాగదీయవచ్చు. మూడూ ఒప్పందం చదివితే కనబడేవే, కల్పించినవి కావు. 2015 మార్చిలో, చర్చలు ఇంకా సాగుతుండగానే, 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు ఇరాన్ నాయకులకు బహిరంగ లేఖ రాశారు: అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఆమోదం లేని ఒప్పందాన్ని తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసేయగలడని. 2018 మే 8న ట్రంప్ అదే చేశారు. 2019 జూలై నుంచి ఇరాన్ హద్దులు దాటుతూ వచ్చింది, 2021 ఏప్రిల్‌లో 60కి చేరింది. ఈ తేదీల వరసను కన్సర్వేటివ్ వాదన తప్పించుకోలేదు. ఒప్పందం లోపభూయిష్టమన్నది నిజమే, దాన్నుంచి బయటికొచ్చాకే సరుకు పెరిగిందన్నదీ నిజమే.

2025 జూన్ 22న అమెరికా ఇరాన్ అణుకేంద్రాలైన ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్‌ల మీద దాడి చేసింది. ఒక్కోటి 13,600 కిలోల బరువున్న బాంబులు 14 వేసింది, ఎక్కువ భాగం కొండ లోపల కట్టిన ఫోర్డో మీదే. ఇక్కడ కన్సర్వేటివ్ శిబిరం రెండుగా చీలింది. ఇది ఎప్పుడో చేయాల్సిందని ట్రంప్ మాజీ భద్రతా సలహాదారు జాన్ బోల్టన్ లాంటివాళ్లు. పశ్చిమాసియాలో ఇంకో యుద్ధం వద్దని వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దని తీర్మానం పెట్టిన రిపబ్లికన్ సభ్యుడు థామస్ మాస్సీ. ‘కన్సర్వేటివ్‌లు యుద్ధం కోరుకుంటారు’ అని ఎవరైనా గంపగుత్తగా రాస్తే వాళ్లు పత్రికలు చదవడం లేదని అర్థం.

మేలేది అన్నారు. యంత్రాలను బాంబుతో పగలగొట్టవచ్చు. 440 కిలోలు ఎక్కడున్నాయో బాంబు చెప్పదు. దాడుల తర్వాత జూలై 2న అణుశక్తి సంస్థతో సహకారాన్ని ఇరాన్ నిలిపేసింది, తనిఖీదారులు దేశం విడిచి వెళ్లారు. నమ్మినా సరే తనిఖీ చేయమని రష్యన్ సామెతను మాజీ అధ్యక్షుడు రీగన్ పదేపదే చెప్పేవారు. 1987లో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందంలో అమెరికా, సోవియట్ తనిఖీదారులు ఒకరి స్థావరాలకు ఒకరు వెళ్లి చూసే ఏర్పాటు పెట్టించారు. మా అభిప్రాయంలో కన్సర్వేటివ్ సంప్రదాయంలో అన్నిటికన్నా పనికొచ్చిన పాఠం అది. ఒప్పందమైనా దాడి అయినా, అయ్యాక లోపలికెళ్లి కిలోలు తూచే మనిషి ఉన్నాడా అని అడగండి. లేకపోతే రెండూ గుడ్డివే.

ఉత్తర కొరియా క్షిపణి వేస్తే అమెరికా గాల్లోనే పేల్చేస్తుందంటారు. నిజమా? – డిగ్రీ విద్యార్థిని, పుత్తూరు

కొన్నిటిని, అదీ గ్యారంటీ లేకుండా. దీర్ఘశ్రేణి క్షిపణులను అడ్డుకోవడానికి అమెరికా 44 ఇంటర్‌సెప్టర్లు పెట్టుకుంది, 40 అలాస్కాలో, 4 కాలిఫోర్నియాలో. ముందే సిద్ధం చేసుకున్న పరీక్షల్లోనే సగానికి కాస్త ఎక్కువ సార్లు మాత్రం తగిలాయి. అందుకే ఒక్క క్షిపణి మీదికి ఒకటికి మించి వదలాలి. పైగా శత్రువు ఉత్తుత్తి బెలూన్లు కూడా వదిలితే అంతరిక్షంలో అసలేదో నకిలీ ఏదో పోల్చడం కష్టం, గాలి లేనిచోట రెండూ ఒకే వేగంతో పోతాయి. 1983లో రీగన్ ముందుకు తెచ్చిన ఈ ఆలోచనకే 2025 మేలో ట్రంప్ ‘గోల్డెన్ డోమ్’ పేరుతో 17,500 కోట్ల డాలర్ల అంచనా చెప్పారు.

ఉత్తర కొరియా 2006 నుంచి 2017 వరకు 6 అణుపరీక్షలు చేసింది. అణు కార్యక్రమం ఆపడానికి అమెరికాతో చేసుకున్న 1994 ఒప్పందం విఫలమైందని కన్సర్వేటివ్‌లు దీన్ని చూపిస్తారు. ఉత్తర కొరియా మాత్రం లిబియాను చూపిస్తుంది: 2003లో అణు కార్యక్రమం వదులుకున్న గడాఫీ 2011లో ఎలా హతమయ్యాడో చూడమంటుంది.

మాది సూళ్లూరుపేట. పక్కనే శ్రీహరికోట, దక్షిణాన కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం. 2025 మేలో మాక్‌డ్రిల్ వార్తలు విన్నప్పటి నుంచి ఇంట్లో పెద్దవాళ్లకు భయం. నిజంగా ఏమైనా జరిగితే ఇంట్లో చేయాల్సింది ఏమైనా ఉందా, లేక అంతా వృథానా? – గృహిణి, సూళ్లూరుపేట

వృథా కాదు. భారత్, పాకిస్తాన్ ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబర్ 31న ఒప్పందం రాసుకున్నాయి. ఏటా జనవరి 1న జాబితాలు మార్చుకుంటున్నాయి. సంబంధాలు ఎంత చెడినా ఆ పద్ధతి ఆగలేదు. ఇది ముందు మీ పెద్దవాళ్లకు చెప్పండి.

తర్వాత పని సంగతి. బాంబు పడిన చోటుకు దూరంగా ఉన్నవాళ్లకు ముప్పు గాల్లో కొట్టుకొచ్చి రాలే దుమ్ము. దాని తీవ్రత త్వరగా పడిపోతుంది. కాలం 7 రెట్లయితే రేడియేషన్ 10వ వంతుకు వస్తుంది. పేలిన గంటకు 1000 అనుకుంటే, 7 గంటలకు 100, రెండు రోజులకు 10, రెండు వారాలకు 1. అంటే మొదటి 24 గంటలు లోపల ఉండటమే ప్రాణం. ఆ సమయంలో పిల్లల్ని తెచ్చుకోవాలని స్కూలుకు పరుగెత్తడం పెద్ద పొరపాటు. స్కూలు పక్కా భవనమైతే వాళ్లు అక్కడే క్షేమం.

ఎక్కడ ఉండాలి? సుమారు 6 సెంటీమీటర్ల కాంక్రీటు రేడియేషన్‌ను సగం చేస్తుంది, గట్టి మట్టి అయితే 9 సెంటీమీటర్లు కావాలి. మన ఇళ్ల స్లాబు 5 అంగుళాలు, అంటే రెండు సగాలు, నాలుగో వంతు. రేకుల ఇల్లు దాదాపు ఏమీ ఆపదు, పక్కన స్లాబు ఇల్లుంటే అక్కడికి వెళ్లాలి. అపార్ట్‌మెంటులో మధ్య అంతస్తు, బయటి గోడకు దూరంగా ఉన్న గది. పై అంతస్తు వద్దు, దుమ్ము రాలేది దాని మీదే. చాలామందికి తట్టే ఆలోచన మిద్దె మీద ఇసుక పోయడం. అది చేయకండి. మూడు సగాలకు కావాల్సిన 27 సెంటీమీటర్ల మట్టి అంటే చదరపు మీటరుకు 450 కిలోలు. మిద్దె స్లాబును లెక్కగట్టేది 150 కిలోల అదనపు బరువుకే, దాటితే స్లాబు మీ నెత్తినే కూలొచ్చు. మట్టి, ఇసుక బస్తాలను నేల మీద, గది బయటి గోడ వెంట పేర్చండి.

మెరుపు కనబడితే కిటికీ దగ్గరికి వెళ్లొద్దు, బోర్లా పడుకోవాలి. ఆ తర్వాత గాలి దెబ్బ కిలోమీటరుకు సుమారు 3 సెకన్ల చొప్పున వస్తుంది. 2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు మెరుపేంటో చూద్దామని కిటికీల దగ్గరికొచ్చిన వాళ్ల మీద అద్దాలు పగిలిపడ్డాయి. అప్పుడు గాయపడ్డ సుమారు 1500 మందిలో ఎక్కువమంది అద్దాల బాధితులే.

బయట ఉండి లోపలికొస్తే పై బట్టలు గుమ్మం దగ్గరే విప్పి కవర్లో కట్టేయాలి, 90 శాతం దాకా దుమ్ము వాటితోనే పోతుంది. తలంటుకు షాంపూ చాలు, కండిషనర్ వద్దు, అది దుమ్మును జుట్టుకు అతికిస్తుంది. ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపాలి. మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు, బ్యాటరీ రేడియో ఉంచుకోండి. మూత ఉన్న ట్యాంకు నీళ్లు, బోరు నీళ్లు, సీలు తీయని ఆహారం పనికొస్తాయి.

అయోడిన్ మాత్ర గురించి అపోహలు ఎక్కువ. పొటాషియం అయోడైడ్ పెద్దలకు 130 మిల్లీగ్రాములు, 3 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 65. అది థైరాయిడ్‌ను రేడియోధార్మిక అయోడిన్ నుంచి కాపాడుతుంది, ఇంకే రేడియేషన్ నుంచీ కాదు. 40 దాటినవాళ్లకు మామూలుగా అవసరం ఉండదు. అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. అయోడైజ్డ్ ఉప్పు బదులు కాదు: ఆ మోతాదు రావాలంటే 6 కిలోలకు పైగా ఉప్పు తినాలి. గాయాలకు పూసే అయోడిన్ మందు తాగితే విషం.

ప్రజల్ని ఇలా సిద్ధం చేయడం కూడా శత్రువును వెనక్కి తగ్గించే ఆయుధమేనని అమెరికాలో యూజీన్ విగ్నర్, ఎడ్వర్డ్ టెల్లర్ లాంటి శాస్త్రవేత్తలు వాదించేవారు. స్విట్జర్లాండ్ 1963లో చట్టం చేసి ఇళ్ల కింద ఆశ్రయాలు కట్టించింది. దీనివల్ల యుద్ధం తేలికనిపిస్తుందన్న విమర్శా ఉంది. మాకు మాత్రం, బస్తాలు గోడకు పేర్చాలా మిద్దె మీదా అన్నది ఒక కుటుంబానికి తెలిసుండటంలో తప్పు కనబడదు.

మన దేశం అణుబాంబు ముందు వేయనంది కదా. ఆ మాట ఇప్పటికీ ఉందా? – చంద్రగిరి

ఉంది. 2003 జనవరి 4న ప్రకటించిన విధానంలో ముందుగా వాడబోమన్న మాట ఉంది. జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే మినహాయింపు ఉంది. 2014 ఎన్నికల ప్రణాళికలో బీజేపీ ఈ విధానాన్ని సమీక్షిస్తామంది. 2019 ఆగస్టు 16న పోఖ్రాన్‌లో రాజ్‌నాథ్ సింగ్, ఇప్పటిదాకా కట్టుబడి ఉన్నాం, భవిష్యత్తు పరిస్థితుల మీద ఆధారపడి ఉంటుంది అన్నారు. విధానం అధికారికంగా మారలేదు.

ఇలాంటి విషయాల మీద మా కాలేజీలో చర్చ పెడితే కొట్లాట అవుతుందని ప్రిన్సిపాల్ గారి భయం. గొడవ లేకుండా ఎలా నడపాలి? – లెక్చరర్, చిత్తూరు

గొడవ పుట్టేది ఎక్కువగా అంశం పెట్టే వాక్యంలో. ‘కన్సర్వేటివ్‌లు మంచివాళ్లా చెడ్డవాళ్లా’ అని పెడితే మనుషుల మీదికి పోతుంది. ‘ఆహ్వానించిన వక్త సభను నిరసన కారణంగా రద్దు చేయకూడదు’ అని పెడితే పని మీద నిలుస్తుంది. రెండు వారాల ముందే అంశం ప్రకటించండి. ఎవరు ఏ పక్షమో లాటరీ తీయండి, అప్పుడు మాట్లాడేవాడి మాటను వాడి సొంత రాజకీయానికి ఎవరూ అంటగట్టరు.

పక్షానికి ఇద్దరు, ఒక్కొక్కరికి 7 నిమిషాలు. రెండో వక్త తన మొదటి నిమిషంలో ఎదుటి పక్షం వాదనను చెప్పాలి, వాళ్లు ‘అవును, మేమన్నది అదే’ అని ఒప్పుకున్నాకే జవాబు మొదలుపెట్టాలి. ఈ ఒక్క నియమం సగం కేకలను ఆపుతుంది. ప్రశ్నలకు 25 నిమిషాలు, చీటీల మీద, పేరూ క్లాసూ రాసి. మైకు తిప్పితే ప్రశ్న కాకుండా ఉపన్యాసం వస్తుంది. ముగింపుకు పక్షానికి 3 నిమిషాలు, ఓటుకు 5. మొత్తం 64 నిమిషాలు. ఓటు మొదట ఒకసారి, చివర ఒకసారి వేయించండి. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు కాదు, ఎక్కువ ఓట్లు మార్చినవాళ్లు గెలిచినట్టు.

చెప్పే ప్రతి అంకెకూ ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి కార్డు మీద రాసుకొచ్చి న్యాయనిర్ణేతకు ఇవ్వాలి. ‘వాట్సాప్‌లో వచ్చింది’ అంటే మార్కు కోయండి.

మన దగ్గర రాజ్యాంగం 19(2) కింద దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం, నేరానికి ప్రేరేపణ వంటి వాటి పేరుతో ప్రభుత్వం సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చు. అమెరికా ఉదాహరణ చెప్పి ఇక్కడ అదే స్వేచ్ఛ ఉందనుకుంటే విద్యార్థి చిక్కుల్లో పడతాడు, ఇది ముందుగానే చెప్పండి. హాలు లోపల సభకు ప్రిన్సిపాల్ లిఖిత అనుమతి తీసుకోండి. ఊళ్లో బీఎన్ఎస్ఎస్ 163 కింద నిషేధాజ్ఞలు అమల్లో ఉంటే, పాత 144 సెక్షన్ స్థానంలో వచ్చినదే ఇది, ఆ తేదీ మార్చుకోవడమే మేలు. బయటివాళ్లను ఐడీ కార్డు చూసే లోపలికి పంపండి. మొత్తం సభను కాలేజీ తరఫున ఒకే కెమెరాతో మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయించి ఉంచండి. మర్నాడు ఎవరైనా 30 సెకన్ల ముక్క కత్తిరించి తిప్పితే, అదే సాయంత్రం పూర్తి రికార్డు బయటపెట్టడానికి అది మీ చేతిలో ఉండాలి.